మా పాపకి బీరకాయ అలవాటు చేసిన పన్నెండు రోజులు

ఆరు నెలల ఇరవయ్యో రోజున మా పాపకి బీరకాయ మొదలుపెట్టాం. అప్పటికి రెండు వారాలుగా ఉగ్గు తింటోంది. క్యారెట్టూ, తీపి గుమ్మడీ రుచి చూసింది. రెండూ తియ్యగా ఉండేవే కాబట్టి పెద్దగా పేచీ పెట్టలేదు. బీరకాయకి ఆ తీపి లేదు, పచ్చివాసన మాత్రం ఉంది. మొదటి చెంచాకే మొహం చిట్లించింది. మూడో రోజు నోరే తెరవలేదు. పన్నెండో రోజున చెంచా కోసం తనే ముందుకి వంగింది. ఈ మధ్యలో ఏం చేశామో, ఎక్కడ పొరపాటు జరిగిందో కొలతలతో సహా రాస్తున్నాను. సొరకాయకీ, పొట్లకాయకీ, బీన్స్‌కీ కూడా దాదాపు ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు వయసు సంగతి. ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండేదాకా తల్లిపాలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఆరు నెలలకే అదనపు ఆహారం మొదలుపెట్టమని ఉంది. ఆడపిల్లలకి బేసి నెలలో, మగపిల్లలకి సరి నెలలో అన్నప్రాశన చేసే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో పాపకి ఐదో నెలలోనే ముహూర్తం పెట్టేస్తారు. అలాంటప్పుడు వేడుకని వేడుకగా జరిపి, రోజువారీ తిండి మాత్రం ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టడం మంచిది. తేనె మాత్రం నాలుక్కి రాయడానికి కూడా వద్దు. అందులో బొటులిజం అనే జబ్బు తెచ్చే బీజాలు ఉండొచ్చు, ఏడాది లోపు పిల్లల పేగులు వాటిని తట్టుకోలేవు.

వయసుతో పాటు ఇంకో మూడు చూసుకోవాలి. మెడ బాగా నిలబడాలి, ఆనిస్తే కూర్చోగలగాలి, మనం తింటుంటే చెయ్యి చాచాలి. నోట్లో పెట్టిన ప్రతిదాన్నీ నాలుక బయటికి నెట్టేస్తుంటే ఇంకొన్నాళ్లు ఆగొచ్చు. అది పుట్టుకతో వచ్చే రక్షణ, సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తగ్గిపోతుంది.

ఇక కాయ. లేతది కావాలి. గోరు గుచ్చితే ఇట్టే దిగాలి, తోక వైపు వంచితే టప్పున విరగాలి. మెత్తగా వేలాడే కాయ వాడిపోయింది. చేతికి తేలిగ్గా అనిపిస్తే లోపల పీచు పట్టి ఉంటుంది. ముదురు బీరకాయని పెద్దవాళ్లు నమిలి పిప్పి పక్కన పెట్టేస్తారు, పళ్లు లేని పిల్లకి ఆ వీలు లేదు. గింజలు తెల్లగా, మెత్తగా ఉంటే వాటితో సహా ఉడకబెట్టొచ్చు. గట్టిపడి ఉంటే తీసేయాలి.

కోయగానే రెండు చివర్ల నుంచీ, నడుమ నుంచీ చిన్న ముక్క తీసి మనం నాలుక్కి ఆనించి చూడాలి. ఇది ఎవరూ మానకూడదు. బీర, సొర, దోస జాతి కాయల్లో అప్పుడప్పుడూ కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఎక్కువగా తయారవుతాయి. ఉడికించినా అవి పోవు. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలైన పెద్దవాళ్లు మన దేశంలో ఉన్నారు. కాబట్టి ఒక చివర చేదు తగిలితే అంతవరకూ కోసి పారేసి మిగతాది వండటం కుదరదు, కాయంతా పారేయాల్సిందే. పాపకి నోటితో చెప్పడం రాదు, పైగా మొదటి రోజు ఎలాగూ మొహం చిట్లిస్తుంది. అసలు చేదుకే చిట్లించిందో, కొత్తదనానికో మనకి తెలియదు. అందుకే మన నాలుకతో ముందే తేల్చుకోవాలి.

పాపకి కావాల్సింది 50 గ్రాములే. తొక్క తీసిన లేత కాయలో రెండు అంగుళాల పైచిలుకు ముక్క. ఉడికి నలిపాక రెండు టేబుల్‌స్పూన్ల కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. దీనికోసం విడిగా కాయ కొనక్కర్లేదు. ఇంట్లో బీరకాయ వండే రోజున ఉప్పూ కారం పడకముందు, పోపులో వేయకముందు ముక్క పక్కకి తీస్తే చాలు. తొక్క ఎలాగూ పచ్చడికి వెళ్తుంది. కాయని తొక్క తీయకముందే పారే నీళ్ల కింద రుద్ది కడగాలి. పైన గట్టుల్లా ఉండే అంచుల మధ్య మట్టీ, మందుల తాలూకు మురికీ ఇరుక్కుంటాయి. తొక్క తీసే చాకు ఆ మురికిని లోపలి గుజ్జుకి అంటిస్తుంది.

అర అంగుళం ముక్కలు కోసి, చిన్న స్టీలు గిన్నెలో వేసి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పది నిమిషాలు ఉంచాను. మొదటి పొరపాటు ఇక్కడే జరిగింది. గిన్నె మీద మూత పెట్టలేదు. ఇడ్లీ పాత్ర మూతకి పట్టిన ఆవిరి నీళ్లయి గిన్నెలోకే కారింది. బీరకాయలో 95 శాతం దాకా నీరే ఉంటుంది. దానికి ఈ నీళ్లు కూడా తోడైతే గుజ్జు బదులు చారు తయారైంది. మొదటి రెండు రోజులూ పాప గడ్డం మీద నుంచి కారిపోయినదాంట్లో సగం తప్పు ఆ పలచదనానిదే. మూడో రోజు నుంచి గిన్నె మీద చిన్న పళ్లెం బోర్లించాను, సమస్య తీరింది. కుక్కర్లో అన్నంతో పాటు పెట్టినా ఇదే జాగ్రత్త కావాలి.

ముక్క ఉడికిందో లేదో చెంచా వెనకవైపు నొక్కితే తెలుస్తుంది. బలం పెట్టకుండానే నలిగిపోవాలి. నలపడానికి మిక్సీ వద్దు. చట్నీ జార్‌లో కూడా 50 గ్రాములు బ్లేడుకి అందవు, గోడలకి అంటుకుపోతాయి. పైగా మిక్సీ పీచుని తీసేయదు, కోసి లోపలే ఉంచుతుంది. ఒక స్టీలు వడపోతలో ముక్కలు వేసి చెంచా వెనకతో రుద్దితే గుజ్జు కిందికి దిగుతుంది, పీచు పైన నిలిచిపోతుంది. మరీ సన్నని జాలీ అయితే నీళ్లే దిగుతాయి, కొంచెం పెద్ద కన్ను ఉన్నది చూసుకోవాలి. టీ వడపోసేది మాత్రం వాడొద్దు, వాసన పోదు.

గుజ్జు సరిగా వచ్చిందో లేదో చూడటానికి చెంచాలో తీసుకుని పక్కకి వంచాలి. చెంచాని పట్టుకుని ఉండి, నెమ్మదిగా ముద్దగా జారితే సరిపోయింది. నీళ్లలా కారితే చిన్న మూకుట్లో రెండు నిమిషాలు సన్నటి మంట మీద తిప్పితే దగ్గరపడుతుంది. చివర మూడు నాలుగు చుక్కల నెయ్యి వేయొచ్చు, పచ్చివాసన కాస్త తగ్గుతుంది, బలం కూడా. ఉప్పు, పంచదార, బెల్లం ఏడాది నిండేదాకా అక్కర్లేదు. మూత్రపిండాలు ఇంకా ఎదుగుతున్న వయసు, తల్లిపాలలోనూ, ఉప్పు కలపని తిండిలోనూ సహజంగా ఉన్న ఉప్పు వాటికి చాలు.

పెట్టే వేళ ఉదయం పది గంటల ప్రాంతం. పాలు తాగిన ముప్పావు గంటకి. కడుపు నిండా ఉంటే నోరు తెరవదు. బాగా ఆకలిగా ఉంటే పాల కోసమే ఏడుస్తుంది, కొత్త రుచిని చూసే ఓపిక ఉండదు. నిద్ర వేళకి దగ్గరైతే తిండీ, నిద్రా రెండూ చెడతాయి. ఉదయం ఎందుకంటే, ఏదైనా తేడా చేస్తే పగలంతా కనిపెట్టుకుని ఉండొచ్చు, డాక్టరు అందుబాటులో ఉంటారు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజున, టీకా వేయించిన రోజున కొత్తది మొదలుపెట్టకూడదు. ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది.

నిటారుగా కూర్చోబెట్టాలి. కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులోకి పోయడం మన పాత అలవాటు. అది పొలమారడానికి దగ్గరి దారి, పైగా పిల్లకి నాలుకతో తిప్పుకుని మింగే పని నేర్చుకునే అవకాశమే ఉండదు. చిన్న చెంచాలో సగం తీసుకుని కింది పెదవికి ఆనించి ఆగాలి. పాపే నోరు తెరిచి పెదవితో లాక్కోవాలి. పై చిగురుకి చెంచా గీసి గుజ్జు రాసేయకూడదు, అది తినిపించడం అవ్వదు.

మొదటి రోజు అర టీస్పూను. చెంచా ఆనగానే నాలుక కొంచెం బయటికొచ్చి గుజ్జు అంచుని తాకింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి, ముక్కు మీద సన్నటి ముడతలు పడ్డాయి, భుజాలు ఒక్కసారి జలదరించాయి. సగం గుజ్జు గడ్డం మీదికి జారింది, మిగతాది మింగింది. అంతా అయ్యాక కళ్లు మళ్లీ చెంచా వైపే తిరిగాయి. చూడాల్సింది ఈ చివరి సంగతిని. మొహం చిట్లించడం కొత్త రుచికి ఒళ్లు ఇచ్చే జవాబు, చిట్లించిన పిల్లే రెండో చెంచాకి నోరు తెరుస్తుంది. నిజంగా వద్దన్నప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటుంది, పెదవులు బిగిస్తుంది, చెంచాని చేత్తో తోస్తుంది, వెనక్కి విరుచుకుంటుంది. ఇవి కనిపిస్తే ఆ పూటకి ఆపేయాలి, ఇంకొక్క చెంచా అని కూడా అనకూడదు.

రెండో రోజు అలాగే. మూడో రోజు పెదవులు బిగించేసింది. మా అత్తయ్య పక్కనే ఉన్నారు. “వద్దంటోంది కదమ్మా, దానికి బీరకాయ పడదేమో. కాస్త అరటిపండు పిసికి కలుపు, తినేస్తుంది” అన్నారు. నిజమే, తినేస్తుంది. కానీ దానివల్ల అలవాటయ్యేది అరటిపండే. తీపి కింద దాగిన బీరకాయని పాప నాలుక గుర్తుపట్టదు, రేపు తీపి లేకుండా పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. “ఇంకో వారం ఇలాగే చూద్దాం అత్తయ్యా, అప్పటికీ వద్దంటే మానేద్దాం” అన్నాను. ఆవిడ సరేనన్నారు. ఆరో రోజు నుంచి చెంచా పట్టింది ఆవిడే, నాకన్నా ఓపిగ్గా.

ఇలా ఆగమనడానికి ఆధారం ఉంది. 2007లో వెలువడిన ఒక జర్మనీ అధ్యయనంలో ఏడు నెలల పిల్లలకి వాళ్లు ఇష్టపడని ఒక కూరగాయ గుజ్జునే రోజు విడిచి రోజు ఎనిమిదిసార్లు పెట్టించారు. ఎనిమిదోసారికి, ముందు నుంచీ ఇష్టపడే క్యారెట్ ఎంత తింటారో దాదాపు అంతే తిన్నారు. తొమ్మిది నెలల తర్వాత కూడా వాళ్లలో సగానికి పైగా ఆ కూరగాయని ఇష్టంగా తింటున్నారు. మన ఇళ్లలో మాత్రం రెండు మూడుసార్లకే “మా వాడికి బీరకాయ పడదు” అని తీర్మానించేస్తాం. ఆ మాట ఒకసారి ఇంట్లో స్థిరపడితే మళ్లీ ఎవరూ పెట్టరు, పిల్లాడూ ఆ మాట వింటూనే పెరుగుతాడు. ఎనిమిది నుంచి పదిసార్లు పెట్టాక కూడా ఒప్పుకోకపోతే ఒక నెల ఆగి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇంకో మాట. తల్లి తిన్న వెల్లుల్లి, క్యారెట్ లాంటివాటి వాసనలు పాలలోకి చేరతాయని పరిశోధనల్లో తేలింది. మన బాలింత పథ్యంలో బీరకాయకి పెద్దపీట కాబట్టి తల్లి ఆ నెలల్లో దాన్ని తరచుగా తింటుంది, దాని వాసన కూడా బిడ్డకి పాలలో ముందే తగలొచ్చు. పాలిచ్చే తల్లి అన్ని కూరలూ తినడం బిడ్డ తిండికి కూడా పునాది అని నా నమ్మకం. పథ్యం పేరుతో నెలల తరబడి రెండు మూడు కూరలకే కట్టిపడేయడం అందుకే నాకు నచ్చదు.

నాలుగో రోజు మళ్లీ అర టీస్పూను, ఈసారి గుజ్జు చిక్కగా ఉంది, మింగింది. ఐదో రోజు బీరకాయ పెట్టలేదు, తనకి ఇష్టమైన గుమ్మడి పెట్టాం. రోజూ అదే పెట్టాలని లేదు, రోజు విడిచి రోజైనా ఫలితం వస్తుంది. ఆరో రోజు ఒక టీస్పూను. ఏడో రోజు రెండు టీస్పూన్లు, మొహం చిట్లించడం తగ్గింది. ఎనిమిదో రోజు మళ్లీ సగంలో మొహం తిప్పేసింది. ఇలా వెనకడుగు పడటం మామూలే, పళ్లొస్తున్నా, రాత్రి నిద్ర లేకపోయినా అవుతుంది. తొమ్మిదో రోజు గుమ్మడి. పదో రోజు ఒక టేబుల్‌స్పూను. పదకొండో రోజు అంతే. పన్నెండో రోజు చెంచా ఆలస్యమైతే గిన్నెలో చెయ్యి పెట్టి గుజ్జు పట్టుకుని నోట్లో పెట్టుకుంది, రెండు టేబుల్‌స్పూన్లు పూర్తి చేసింది. బీరకాయ మొత్తం పదిసార్లు పెట్టినట్టు.

వరసలో బీరకాయే ముందు, ఉగ్గు తర్వాత. కొంచెం ఆకలి ఉన్నప్పుడే కొత్త రుచికి చోటుంటుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం వాడే ఇళ్లలో ఈ వరస మరీ ముఖ్యం, అందులో చక్కెర ఉంటుంది కాబట్టి దాని తర్వాత పెట్టిన బీరకాయ ఇంకా చప్పగా అనిపిస్తుంది. అలాగని బీరకాయతో కడుపు నింపకూడదు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకి తల్లిపాలు కాక రోజుకి సుమారు 200 కేలరీలు కావాలి. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది దాదాపు 200 మిల్లీలీటర్లే. ఆ చోటంతా నీటి కూరగాయతో నిండిపోతే బరువు పెరగదు. బియ్యం, పెసరపప్పు, నెయ్యి, గుడ్డు బలానికి, కూరగాయ రుచికీ విటమిన్లకీ. మొదట్లో పూటకి అంతా కలిపి రెండు మూడు టేబుల్‌స్పూన్లు, రోజుకి రెండు మూడుసార్లు. ఎనిమిది నెలలు నిండే సరికి నెమ్మదిగా పూటకి అర కప్పు దాకా.

తినిపించేటప్పుడు ఫోను చూపించడం, కాకినీ పిచ్చుకనీ చూపించి నోరు తెరవగానే చెంచా తోసేయడం మేం పెట్టుకోలేదు. గిన్నె ఖాళీ అవుతుంది, నిజమే, కానీ ఏం తిన్నదో పిల్లకి తెలియదు. రుచి గుర్తుండాలంటే చూపు చెంచా మీద ఉండాలి.

వచ్చే భయాలు కొన్ని. ఓకరింత వస్తే నాలుక బయటికొస్తుంది, మొహం ఎర్రబడుతుంది, దగ్గు శబ్దం వస్తుంది. ఇది గొంతు తనని తాను కాపాడుకోవడం, మనం కంగారుపడి నోట్లో వేలు పెట్టకూడదు, ఉన్నది ఇంకా లోపలికి పోతుంది. గొంతుకి అడ్డం పడితే శబ్దమే ఉండదు, ఏడవలేదు, పెదాలు నీలంగా మారతాయి. అప్పుడు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి. బిడ్డ స్పృహలో ఉన్నంతసేపూ, బయటపడేదాకా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తినిపించే ప్రతి ఒక్కరూ, తాతయ్యలూ అమ్మమ్మలూ కూడా, ఇది ముందే నేర్చుకుని ఉండాలి.

మర్నాడు మలంలో పచ్చటి నలకలు, సన్నటి పీచు కనిపిస్తే గాబరా వద్దు. ఒంటి మీద దద్దుర్లు లేచినా, పెదాలు వాచినా, తిన్న రెండు గంటల్లోపు పదేపదే వాంతులైనా ఆపేసి డాక్టరుకి చూపించాలి. ఊపిరి కష్టమైతే ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి. బీరకాయతో ఇలా జరగడం అరుదు, అయినా కొత్త కూరగాయకీ కొత్త కూరగాయకీ మధ్య రెండు మూడు రోజులు విడిచిపెడితే కారణం తేల్చుకోవడం తేలిక. గుమ్మడీ క్యారెట్టూ ఎక్కువైతే ముక్కు చివర, అరచేతులు పసుపెక్కుతాయి. కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది ఆ కూరగాయల రంగే, తగ్గిస్తే పోతుంది. కళ్లు కూడా పచ్చబడితే కామెర్ల కోసం చూపించాలి.

మిగిలిన గుజ్జు సంగతి. పాప చెంచా ముంచిన గిన్నెలోది దాచొద్దు, ఎంగిలి తగిలితే త్వరగా పాడవుతుంది. అందుకే తినిపించే గిన్నెలోకి ఒక్కో చెంచా వేసుకుంటూ పోయేదాన్ని. ముట్టనిది ఫ్రిజ్‌లో మూతపెట్టి 24 గంటల్లోపు వాడొచ్చు. వేసవిలో బయట గంటకి మించి వద్దు. గడ్డకట్టించిన బీరకాయ కరిగాక నీళ్లు వేరు, పీచు వేరు అయిపోతుంది, దాన్ని పాప మళ్లీ ఉమ్మేసింది. 50 గ్రాములు అప్పటికప్పుడు వండుకోవడమే తేలిక.

ఇప్పుడు వారానికి రెండుసార్లు బీరకాయ వస్తోంది, ఒకసారి విడిగా, ఒకసారి పెసరపప్పు ఉగ్గులో కలిపి. వడపోత మానేసి వేళ్లతో నలిపి పెడుతున్నాం, ఎనిమిది నెలలకి చిన్న మెత్తటి పలుకులు తగిలేలా. తర్వాతి వంతు పొట్లకాయది.